విజిల్ అత్త వెతికిన సీటు

మా మేనత్త పక్క రాష్ట్రానికి వెళ్ళే బస్సులో కండక్టరు. డిపోలో అందరూ ఆమెను విజిల్ అత్త అనేవాళ్ళు. వయసులో పెద్దవాళ్ళు కూడా అలాగే పిలిచేవాళ్ళు, ఆమె పలికేది. కోపమొస్తే అరిచే రకం కాదు. మెడలో వేలాడే విజిల్ తీసి నోట్లో పెట్టుకునేది. ఊదేలోపే మా నాన్న తప్పు ఒప్పేసుకునేవాడు, అసలు తప్పేమిటో తెలియకపోయినా సరే. మామయ్య పోయాక మా మేడమీది గదిలోకి వచ్చేసింది. పిల్లల్లేరు. అందుకని ఆమె ప్రేమా, ఆ విజిలూ రెండూ ఎక్కువగా నాకే దక్కాయి.

నాన్న ఆమెకు తమ్ముడు. బస్టాండుకు ఎదురుగా మారు తాళంచెవులు చేసే చిన్న కొట్టు ఆయనది. ఊళ్ళో సగం ఇళ్ళ తాళాలు ఆయన చేతి మీదుగా వెళ్ళాయి గానీ, మా ఇంటి తాళంచెవి ఎక్కడుందో మాత్రం రోజూ అమ్మే వెతికి ఇవ్వాలి.

పన్నెండో తరగతిలో మా బడి మొత్తానికి నాకే ఎక్కువ మార్కులొచ్చాయి. భూగర్భశాస్త్రం చదువుతానన్నాను. మా రాష్ట్రంలో ఆ కోర్సు ఉన్నది ఒక్క కాలేజీలో, అక్కడ నాకు సీటు రాలేదు.

"రాళ్ళు చదవడానికి రాష్ట్రం దాటాలటే కోడలా? మన వీధి నిండా అవేగా," అంది అత్త.

నాన్న నవ్వలేదు. "బయటి రాష్ట్రం పిల్లలకి ఫీజు రెట్టింపట తల్లీ. హాస్టలూ తిండీ ఎలాగో నేను చూసుకుంటాను. ఫీజు మాత్రం నా వల్ల కాదు. మార్కులు చూసి ఎవరైనా ఫీజు వదిలేస్తామంటే వెళ్ళు. వానలు మొదలయ్యేలోపు ఆ మాట రాకపోతే ఇక్కడే కామర్సులో చేరిపో," అన్నాడు.

ఆయన అన్నదాంట్లో అన్యాయం ఏమీ లేదు. అందుకే ఎక్కువ ఏడుపొచ్చింది.

అత్త బస్సు పొద్దున్నే పక్క రాష్ట్రం చేరి మళ్ళీ సాయంత్రం బయల్దేరేది. ఆ మధ్య వేళంతా డ్రైవరూ కండక్టరూ రెస్టు రూములో నిద్రపోవాలి. అత్త నిద్ర మానేసింది. నేను ఫోన్లో వెతికి కాలేజీ పేరు చెప్పడం, ఆమె మొహం కడుక్కుని ఆ ఖాకీ బట్టల్లోనే వెళ్ళి చూసి రావడం. అలా మొదలైంది మా వేట.

మొదట వెళ్ళింది అందరి నోటా వినిపించే పెద్ద కాలేజీకి. నా మార్కులు ఏకరువు పెట్టి, కూరగాయల బేరంలో అడిగినట్టే, "ఆఖరి మాట చెప్పండి సార్," అందట. అక్కడి ఆఫీసరు మంచివాడే, కుర్చీ చూపించి ఓపిగ్గా చెప్పాడు. "అమ్మా, మీ అమ్మాయి మార్కులు బావున్నాయి. కానీ ఇక్కడికొచ్చే ప్రతి పిల్లకీ అవే మార్కులు. ఎవరికని తగ్గించమంటారు?"

అత్త ఆ రాత్రి ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే తీర్పు చెప్పేసింది. "నిండిపోయిన బండిలో రాయితీ ఎవడిస్తాడే? సీట్లు ఖాళీగా ఉన్నవాడైతే మనం చెయ్యెత్తక ముందే ఆపుతాడు. అలాంటివి చూడు."

అది విన్నాక నా వెతుకులాట దారి మారింది. పేరు గొప్పగా ఉన్నవి పక్కనపెట్టి, అక్కడ చేరేవాళ్ళ మార్కులెంత, నావెంత అని చూడటం మొదలుపెట్టాను. నా మార్కులు ఎక్కడ పైన ఉంటాయో, బయటి రాష్ట్రం పిల్లలు ఎక్కడ తక్కువగా ఉన్నారో, అక్కడే వాళ్ళు ధారాళంగా రాయితీ ఇస్తున్నారు. కొన్నిచోట్ల బయటివాళ్ళకు వేసే అదనపు ఫీజును మార్కులు చూసి పూర్తిగా ఎత్తేస్తున్నారు. అత్త కూడా బేరం మానేసి ప్రశ్నలు నేర్చుకుంది. ఎన్నేళ్ళు ఇస్తారు? ఏటా ఎన్ని మార్కులు తెచ్చుకోవాలి? ఒకసారి తగ్గితే మొత్తం పోయినట్టేనా? ఆఫీసులో చెప్పిన జవాబులు గేటు బయట టీ తాగే పిల్లల దగ్గర మళ్ళీ అడిగేది. ఖాకీ చూసి ఆ పిల్లలు భయపడి నిజాలే చెప్పేవాళ్ళట.

అలా కాళ్ళరిగేలా తిరిగితే ఒకటి దొరికింది. సగం ఫీజు తగ్గిస్తారు, ఏటేటా మళ్ళీ చూసి నిర్ణయిస్తారు. ఇంకెక్కడైనా అయితే అత్త ఒక్క మాటతో కొట్టిపారేసేది. "ఎక్కేటప్పుడు సీటిచ్చి సగం దారిలో లేవమంటే ఏం చేస్తాం?" అని అంతకుముందు ఒక కాలేజీని అలాగే కొట్టిపారేసింది కూడా. కానీ ఈ కాలేజీ గేటు ముందే ఆమె బస్సు ఆగుతుంది.

"మిగతా సగం నా జీతంలోంచి పడేద్దాంలే," అంది. "మాసిన బట్టలు ఇటు, ఉతికినవి అటు. జ్వరమొస్తే ఆ బండిలోనే ఎక్కించుకొచ్చేస్తా. నువ్వు గేటు దగ్గర నిలబడితే చాలు." అలా చెబుతుంటే ఆమె ముఖం వెలిగిపోయింది. నేను ఒకరికి అంతగా కావలసిన మనిషినని అప్పుడే తెలిసింది.

తర్వాతి వారం నాకు ఇంకొకటి కనబడింది. నాలుగేళ్ళూ ఫీజు లేదు. భూగర్భశాస్త్రం వాళ్ళకు పాత విభాగం, చుట్టూ కొండలు. దరఖాస్తు పంపేశాను. అత్తకు మాత్రం చెప్పలేదు. అది ఆమె బస్సు వెళ్ళే రాష్ట్రం కాదు, దానికి సరిగ్గా ఎదురు దిక్కున ఉన్న రాష్ట్రం. అప్పటిదాకా మేమిద్దరం పొరుగు రాష్ట్రమంటే అత్త బస్సు వెళ్ళేదొక్కటే అన్నట్టు వెతికామని అప్పుడు గాని నాకు తట్టలేదు. చెబితే ఆ వెలిగిన ముఖం ఏమవుతుందోనని భయం.

దాపరికమైతే చేశాను గానీ, తెలివి చాలలేదు. నా ఫోన్ పాతది, మాట మధ్యలో తెగిపోతుంది. నాన్న కొట్టులో మిషను కీచుమంటుంటే ఏమీ వినబడదు. అందుకని అన్ని దరఖాస్తుల్లోనూ అత్త నంబరే రాసేదాన్ని. అలవాటు కొద్దీ దీంట్లోనూ అదే రాశాను.

ఆ కాలేజీ నుంచి ఫోన్ వచ్చేసరికి అత్త కిక్కిరిసిన బస్సులో టిక్కెట్లు కొడుతోంది. జరిగింది తర్వాత డ్రైవరు బాబాయి చెప్పాడు. ఫోన్ ఎత్తి, "ఎక్కడ దిగాలి?" అందట. అవతలివాళ్ళు నా పేరు చెప్పి, "మీ అమ్మాయి మాకు నచ్చింది, నాలుగేళ్ళూ ఫీజు తీసేస్తున్నాం, పదిహేను రోజుల్లో చేరతారో లేదో చెప్పండి," అన్నారట. అత్త థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేసింది. తర్వాత రెండు స్టాపులు విజిల్ ఊదడం మర్చిపోయిందట. బాబాయే అద్దంలో చూసుకుని బండి తీశాడు.

ఆ ఫోన్ సంగతి ఆమె నా దగ్గర దాచింది. సెలవు రోజున పొద్దున్నే చీర కట్టుకుని, పనుందని చెప్పి వెళ్ళింది. మర్నాడు తిరిగొచ్చేసరికి ముఖం పీక్కుపోయి ఉంది. మేడమీదకు పిలిచి మంచమ్మీద కూలబడింది.

"ఇన్నేళ్ళు బస్సులో నిలబడి తిరిగాను, ఏమీ కాలేదు. కిటికీ పక్కన కూర్చునేసరికి కడుపులో తిప్పేసిందే," అంది.

"ఎక్కడికెళ్ళావత్తా?"

"నీ కొండల కాలేజీకి."

నేను వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాను.

"అక్కడ నీకు పాఠాలు చెప్పబోయే మాస్టారిని చూశా. బల్ల నిండా రాళ్ళే. ఒకటి నా చేతిలో పెట్టి అరగంట చెప్పాడు, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. మంచాయన. కిందటేడు ఒక పిల్లకి మార్కులు తగ్గాయట. రాయితీ తీసెయ్యలేదు, ఒక పరీక్ష దాకా గడువిచ్చారు. ఆ పిల్లనే పట్టుకుని అడిగాను. హాస్టల్లో నీళ్ళు బానే వస్తున్నాయి." చెంగుతో మొహం తుడుచుకుంది. "నాకెందుకు చెప్పలేదే?"

"నీ రూటు కాదు కదత్తా."

విజిల్ నోట్లో పెట్టుకుంది. ఊదలేదు, తీసేసింది. "నా డ్యూటీ చూసుకుని నువ్వు చదువు ఎంచుకుంటావా? బుద్ధుందా?" అని కసిరింది. తర్వాత గోడవైపు తిరిగి, "నేనూ అదే చేశాన్లే. సగం ఫీజు కాలేజీకి నేనే తల ఊపేశాను," అంది. నేను వెళ్ళి ఆమె వీపుకు ఆనుకుని పడుకున్నాను. ఇద్దరం కాసేపు ఏడ్చాం. కింద నుంచి అమ్మ భోజనాలకు పిలిస్తే లేచి వెళ్ళాం.

నేను కొండల కాలేజీకి వెళ్ళే రోజు అత్తకు సెలవు దొరకలేదు. నన్ను దింపడానికి నాన్న వస్తున్నాడు. బస్టాండులో ఆమె బండి ఒక చివర, మా బండి ఇంకో చివర. బయల్దేరే ముందు ఖాకీ బట్టల్లో, భుజాన టిక్కెట్ల సంచితో మా బస్సులోకి ఎక్కి వచ్చింది. నా సీటు అటూ ఇటూ కదిపి చూసింది, కిటికీ అద్దం జరిపి చూసింది. నాన్నను, "పిల్లని కిటికీ దగ్గర కూర్చోనీ, నువ్వు ఇటు జరుగు," అని గదమాయించింది. నా చేతిలో నిమ్మకాయ పెట్టింది.

ఈలోపు వెనక సీట్లో ముసలావిడ ఆమెను చూసి, చిల్లర డబ్బులు ముందుకు చాపింది. ఆ పక్కాయన కూడా డబ్బు తీసి, తను దిగే ఊరి పేరు చెప్పాడు. అత్త చెయ్యి అలవాటుగా సంచి మీదకు వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది.

"నాది ఈ బండి కాదమ్మా," అంది, నా వైపు చూడకుండా.

తర్వాత గబగబా మెట్లు దిగి వెళ్ళిపోయింది. మా బస్సు కదిలి గేటు దాటుతుండగా, బస్టాండు ఆ చివర నుంచి విజిల్ వినబడింది. బండి తీయమని ఊదేది ఒక్క చిన్న కూతే. ఇది చాలాసేపు ఆగలేదు.