పీట మీద అమ్మ ఎత్తు

నా చిన్నప్పుడు, దేశానికి స్వతంత్రం వచ్చిన మరుసటి ఏడు, మా నాన్న జగ్గయ్యపేటలో కొత్త ఇల్లు కట్టించడం మొదలుపెట్టారు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. పాత వంటింటికి కిటికీ లేదు. మా అమ్మ పొద్దుటి నుంచి పొయ్యి ముందు పీట మీదే ఉండేది, మధ్యాహ్నానికి చీర చెమటతో తడిసి ముద్దయ్యేది. కాస్త గాలి, బయట నాలుగు మొహాలు, ఆవిడ కోరిక అంతే. కొత్త వంటింటికి కిటికీ పెట్టిస్తున్నామన్నారు నాన్న. కాకపోతే సందులో పోయేవాళ్ళకి ఆడవాళ్ళు కనపడకుండా నాలుగడుగుల ఎత్తు నుంచి మొదలవ్వాలని తేల్చేశారు. ఆయన తేల్చాక మా ఇంట్లో మళ్ళీ ఆ మాట ఎత్తే అలవాటు లేదు.

ఇల్లు కట్టే మేస్త్రి తాతది నందిగామ. బడి వదలగానే నేను ఆయన వెనకే తిరిగేదాన్ని. వంటింటి గోడలు సగం లేచాక, ఆ గదినే బుల్లిగా కట్టమని నాకు పని చెప్పాడు. అడుగుకి అంగుళం లెక్క. పన్నెండడుగుల గోడకి పన్నెండంగుళాల అట్ట. మా కొట్లో ఖాళీ అట్టపెట్టెలు కోసి, అన్నం మెతుకులతో అతికించి, నాలుగంగుళాల ఎత్తు నుంచి కిటికీ కోశాను. పొయ్యి మాత్రం ముద్దుగా ఉండాలని మట్టితో నా పిడికిలంత చేశాను. ఆయన కొలబద్ద పెట్టి కొలిచి నవ్వాడు.

"ఇది పెళ్ళివంటల పొయ్యి పాపా. నీకు నచ్చినంత కాదు, ఉన్నంతే చెయ్యాలి."

మళ్ళీ చేశాను. తర్వాత అమ్మని పెట్టమన్నాడు. జొన్నబెండుతో అయిదంగుళాల బొమ్మ చేసి నిలబెట్టాను. తల కిటికీలోంచి చక్కగా కనిపించింది.

"మీ అమ్మ నిలబడి వండుద్దా?" అన్నాడు.

బొమ్మని విరిచి పీట మీద కూర్చోబెట్టాను. రెండున్నర అంగుళాలకి దిగిపోయింది. దాని మొహానికి ఎదురుగా వట్టి గోడ. నాకు ఏడుపొచ్చింది.

"నేను చెబితే మీ నాన్నగారు వినరు. నువ్వూ ఏం చెప్పమాక. ఊరికే చూపించు," అన్నాడు తాత.

చూపించాను. నాన్న వంగి చూసి, ఇదెవరని అడిగారు. అమ్మ అన్నాను. మర్నాడు పొద్దున్నే ఆయన పని జరిగే చోటికి వెళ్ళి, పొయ్యి వచ్చే చోట, తెల్లపంచెతోనే మట్టిలో కూర్చున్నారు. గోడ అప్పటికే ఆయన తల దాటింది. ఎంతసేపు కూర్చున్నారో నాకు గుర్తు లేదు. లేచి, కిటికీ మేరకి రెండడుగుల గోడ విప్పించారు. సందులోవాళ్ళకి లోపల కనపడకుండా దానికి చెక్క జాలీ బిగించారు.

అమ్మ ఆ కిటికీ ముందు ముప్పై ఏళ్ళు వండింది. అది నాన్న మంచితనమే అనుకుంది. అందులో అబద్ధమేమీ లేదు కనుక నేను దిద్దలేదు.

ఇప్పటికీ ఎవరైనా ఇంటి ప్లాను తెచ్చి చూపిస్తే గదుల కొలతలు అడగను. ఇందులో ఎవరు ఎక్కడ కూర్చుంటారని అడుగుతాను.