పక్కింటివారిని ముందు అడగాలట

ఫిబ్రవరి రెండో బుధవారం, ముదినేపల్లి. ఉన్నవాళ్ళం: నేను, ఇల్లు కొంటున్న సూర్యారావుగారు, పక్కింటి వెంకటరత్నంగారు.

మలేషియాలో పుట్టి, అక్కడే పోస్టాఫీసులో రిటైరైన నాకు ఈ ఊళ్ళో మేనత్త రాసిచ్చిన పెంకుటిల్లు ఉంది. విదేశీయుడు అమ్మాలంటే కావలసిన పాన్ కార్డు, పన్ను కాగితాలు అన్నీ సిద్ధం చేసుకున్నాను. మర్నాడు రిజిస్ట్రేషన్, ఆ రాత్రికే విమానం. నన్ను ఎరిగిన సాక్షి ఇక్కడ వెంకటరత్నంగారొక్కరే. తీరా ఆయన సంతకం పెట్టనన్నారు.

"నేనేం తప్పు చేశానండీ?"

"ఇల్లు కావాలా అని నన్నడిగారా? గోడ పక్కనున్నవాణ్ణి. ముందు నన్నడగాలి కదండీ!"

"సూర్యారావుగారిని తీసుకొచ్చిందే మీరు కదా!"

"తీసుకొచ్చానండీ. అది వేరు, ఇది వేరు."

సూర్యారావుగారు కూడా తలూపారు. "న్యాయమేనండీ. పొద్దున్నే వెళ్ళి ఓ మాట అడిగేయండి."

వెంకటరత్నంగారు కొంటానంటే మీ సంగతేమిటని అడగబోయి మానేసి, సరేనన్నాను.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి, "ఇల్లు అమ్ముతున్నాను, మీకేమైనా కావాలాండీ?" అని అడిగాను. ఆయన కుర్చీ వేసి, కాఫీ ఇప్పించి, "ఇంట్లో అడిగి చెబుతానండీ" అంటూ లోపలికి వెళ్ళారు. నేను గడియారం చూసుకుంటూ కూర్చున్నాను. ఆయన బయటికి వచ్చేసరికి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఉన్నారు.

"మాకొద్దులెండి. పదండి, ఆఫీసు తెరిచే వేళయింది."