వాన ఏడాది వచ్చిన లాభం

మద్రాసు పక్కన మనలిలో నీటి పంపులు తయారుచేసే ఒక కంపెనీలో యతిరాజులు మేనేజరు. ఆయన చూసేది పంపులు కాదు, రేడియోల్లో వేసే ట్రాన్సిస్టర్లు, డయోడ్లు తయారయ్యే చిన్న విభాగం. యజమాని గోపాలస్వామి ముచ్చటపడి పెట్టించిన విభాగం అది. దిగుమతి సుంకాలు తగ్గాక, తైవాను సరుకు జార్జి టౌన్ బజారులో వీళ్ళ తయారీ ఖర్చు కంటే తక్కువకే దొరకసాగింది. అప్పటినుంచి ప్రతి వార్షిక సమావేశంలోనూ యతిరాజులు లేచి, నష్టం చదివి, వచ్చే ఏడు మెరుగుపడుతుందని చెప్పి కూర్చునేవాడు. వాటాదారులు దానికి అలవాటుపడి, ఆయన చదువుతుండగానే టిఫినుకు లేచేవారు.

తొంభై ఆరు జూన్‌లో పెద్దవాన పడి షెడ్డులోకి మోకాలిలోతు నీళ్ళొచ్చాయి. యంత్రాల మరమ్మతుకు సగం ఏడాది పట్టింది. ఒప్పుకున్న ఆర్డర్లు ఆగకూడదని, యతిరాజులు రేడియో కంపెనీలకు సంగతి చెప్పి, జార్జి టౌన్‌లో తైవాను సరుకు కొని వాళ్ళకు పంపించాడు.

ఆ ఏడాది విభాగానికి లాభం వచ్చింది.

సమావేశంలో గోపాలస్వామి ఆయనకు శాలువా కప్పాడు. "ఎట్లా సాధించినావో నాలుగు మాటలు చెప్పప్పా" అన్నాడు.

యతిరాజులు మైకు దగ్గరికి వచ్చాడు.

"సగం ఏడాది మేమేం తయారుచెయ్యలేదండీ. అందువల్ల."

చప్పట్లకు లేచిన చేతులు కిందికి దిగాయి. గోపాలస్వామి ఏదో రాసుకున్నాడు.

వేసవిలోపలే ఆ విభాగంలో తయారీ ఆపేసి, పనివాళ్ళను ఇళ్ళకు పంపేశారు. చివరి రోజు, టెస్టింగ్ బల్ల దగ్గర పనిచేసే పొన్నమ్మ గేటు దగ్గర యతిరాజులును ఆపింది.

"ఆడ మీటింగులో ఏం చెప్పినారు సార్?"

"ఉండేదే చెప్పినా."

"ఇన్నేండ్లూ వచ్చే ఏడు బాగుంటాదని చెప్పినారు గదా. ఇంకొక తడవ చెప్పింటే ఏం పోయేది?"

యతిరాజులు బస్సు స్టాపు వైపు నడిచాడు.

గోపాలస్వామి ఆయన్ని కొత్తగా పెట్టిన దిగుమతి విభాగానికి అధిపతిని చేసి, జార్జి టౌన్‌లో ఒక గది ఇప్పించాడు. విభాగంలో ఉన్నది ఆయనొక్కడే. మొదటి లోడులో చాలా ట్రాన్సిస్టర్లు పనిచేయక రేడియో కంపెనీల నుంచి తిరిగొచ్చాయి. మరునాడు ఆయన రాయపురం వెళ్ళి పొన్నమ్మ తలుపు తట్టాడు. ఆమె తలుపు తీసింది గానీ లోపలికి రమ్మనలేదు.

"టెస్టింగుకు మనిషి కావాలమ్మా."

"ఎంతమంది?"

"ఒకరు."

"మేము ఇరవై మందిమి సార్."

"తెలుసు."

ఆమె తలుపు వేసుకుంది. సోమవారం ఉదయం మాత్రం ఆయనకంటే ముందే వచ్చి గది బయట నిలబడి ఉంది. సాయంత్రం దాకా ట్రాన్సిస్టర్లు ఒక్కొక్కటే పరీక్షించింది. పోయేముందు చెప్పులు వేసుకుంటూ అంది:

"ఇంకొక బల్ల వేయించండి సార్. ఆడ ఫ్యాక్టరీలో నా పక్కన ఆశ అని ఒక పిల్ల కూచునేది గదా, రేపు దాన్ని గూడా పిలుచుకొస్తా."

యతిరాజులు ఆ సాయంత్రమే బల్ల కొన్నాడు. రెండో జీతానికి యజమాని అనుమతి తర్వాతి వారం అడిగాడు.