నిప్పురవ్వ పడిన కొత్త గొంగడి

నా రాత కోడి గెలికినట్టు ఉంటుంది, తప్పులూ ఎక్కువే. ఊరి బడిలో నాలుగో తరగతితో ఆగిన చదువు. మన్నించి చదవండి. భూపాలపల్లి దిక్కు పోయేవారికి దారి తెలుస్తుందని రాస్తున్నాను.

ఆ పక్క ఊళ్లో మా చెల్లె చిన్న బిడ్డ పెళ్లి. గొర్లు కాసే మా ఇళ్లలో పెళ్లిజంటను మేనమామ తెచ్చిన కొత్త గొంగడి మీద కూర్చోబెడతారు. దానికి నిప్పు తగిలి ఉండకూడదు. పెళ్లయ్యాక మేనమామ దాన్ని తిరిగి తెచ్చుకోవచ్చు. మా గొర్ల ఉన్ని రెండేళ్లు కూడబెట్టి మానుకోటలో నేయించాను. బుద్ధెరిగాక నేను కొత్త గొంగడి కప్పుకున్నది లేదు, అన్నీ మా నాయిన విడిచినవే.

లింగాల ఘనపూర్ నుంచి తెల్లారేసరికి జనగామ చేరాను. ఏడు గంటల బస్సుకు హనుమకొండ రెండు గంటల దారి, టికెట్టు ఆరు రూపాయలు. గొంగడిని బస్సు మీద వేయమని కండక్టరు అంటే వినక ఒళ్లోనే పెట్టుకున్నాను. హనుమకొండలో పరకాల బస్సు మారాక పక్కన కూర్చున్నాయన బీడీ ముట్టించాడు. గొంగడిని ఇవతలికి జరుపుకున్నాను. బస్సు గుంతలో ఎగిరింది, రవ్వ గొంగడి మీద పడింది. నలిపేసరికే జొన్నగింజంత బొక్క.

"పాతదేనా పెద్దాయనా?" అన్నాడు.

"కొత్తది."

బీడీ కిటికీలోంచి పారేశాడు. "జర ముందే చెప్పొద్దా మరి."

పరకాలలో దిగగానే వాన. గొంగడిని ఎరువుల సంచిలో చుట్టి, సంచిని కడుపుకు ఆనించుకుని చాయ్ హోటలు ముందు నిలబడ్డాను. హోటలాయన చాయ్ ఇస్తూ నవ్వాడు.

"గొంగడి పెట్టుకొని తడుస్తున్నవేందే? నువ్వు దాన్ని కప్పుకుంటవా, అది నిన్ను కప్పుకుంటదా?"

మధ్యాహ్నం రెండింటికి బస్సొచ్చింది. భూపాలపల్లిలో దిగి బురదలో రెండు కోసులు నడిచి చెల్లె ఇల్లు చేరేసరికి కాళ్లు నావి కాకుండా పోయాయి.

చెల్లె బొక్క చూసి కూలబడింది. "పొద్దుగాల్నే పెండ్లాయె అన్నా. ఇంకోటి ఏడ తెస్తం? మడత కిందికి పోనిద్దాం, ఎవలు చూస్తరు?"

"వద్దు" అన్నాను. రేపు ఎవరైనా చూస్తే మాట పడేది పిల్ల. దీపాలు పెట్టే వేళకు గొంగడి భుజాన వేసుకుని మగపెళ్లివారి విడిదికి పోయి, పిల్లవాడి నాయనమ్మ ముందు పరిచాను. ఆమె బొక్కలో వేలు పెట్టి చూసింది.

"నువ్వు తాగిన బీడీయేనా తమ్మీ?"

"కాదు. బస్సుల."

"మరి ఎందుకు గట్ల వణుకుతున్నవ్?"

"తడిసిన."

ఆమె నవ్వలేదు. తన గొంగడి అంచు నుంచి రెండు పోగులు లాగి, సూదికి ఎక్కించి బొక్క కుట్టింది. నల్లదాని మీద తెల్ల చుక్క తేలింది.

"రెండిండ్ల ఉన్ని కలిసింది. పొద్దుగాల దీన్నే పరుచు."

తెల్లారి పిల్లలిద్దరూ దాని మీదే కూర్చున్నారు. పసుపు ఒలికింది, తలంబ్రాలు నలిగాయి, చంటిపిల్ల ఒకతి తడిపింది. నేను దేనికీ లేచి అడ్డం పోలేదు. దిగులుపడే ఓపిక దారిలోనే అయిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు గొంగడి తేలేదు. రెండిళ్లదైనదాన్ని నేనొక్కణ్ణే కప్పుకోబుద్ధి కాలేదు.

పోయేవారు పరకాలకు పదింటిలోపే చేరండి. ఆ తర్వాతి బస్సు నమ్మకం లేదు. ఈమధ్య మీరు ఆ దారిన పోయి ఉంటే, బస్సు వేళలు ఏమైనా మారాయేమో తొందరగా ఒక ముక్క రాయండి. చెల్లెను చూడ మళ్లీ పోవాలి.