దాలినాయుడు మాస్టారు చెప్పకుండా వెళ్లిన మాట

దాలినాయుడు మాస్టారు గుండె ఆగి కన్నుమూశారన్న వార్త నాకు భిలాయి దగ్గరి కుమ్హారిలో పనిమీద ఉండగా చేరింది. దుఃఖం కంటే ముందు ఆగ్రహం కలిగిందని ఒప్పుకోవడానికి సంకోచించను. నాకిచ్చిన మాట నెరవేర్చకుండానే ఆయన నిష్క్రమించారు.

విజయనగరం ప్రాంతం నుంచి వచ్చి, భిలాయి ఉక్కు కర్మాగారంలో పైపు ఫిట్టరుగా శ్రమించి, విరమణానంతరం వైశాలి నగర్‌లో ఇళ్ల నీటి పనులు చేసిన నిపుణులాయన. ముప్పై ఏళ్లు దాటినా ఏ పనీ కుదరని నాకు విద్యాదానం చేసిన గురువు. వాష్ బేసిన్ కింద నీళ్లు కట్టేసే చిన్న కుళాయిలు, అదే యాంగిల్ కాక్‌లు, లేని ఇల్లు కనిపిస్తే ఊరుకునేవారు కారు. “ఒక్క వాషర్ మార్సడానికి ఇల్లంతటికీ నీళ్లు కట్టేస్తారేటి? బేసిన్ బాధ బేసిన్‌తోనే ఆగాల” అనేవారు.

ఛత్తీస్‌గఢ్ ఏర్పడిన మరుసటి ఏడాది కరుణమ్మ టీచర్ ఇంట్లో ఆ యాంగిల్ కాక్‌లే బిగించాం. చన్నీళ్ల వైపు ఆయన, వేణ్ణీళ్ల వైపు నేను. మర్నాడు ఆమె బడి నుంచి వచ్చేసరికి ఇల్లంతా నీళ్లు. మరణించిన భర్త ఫొటోల ఆల్బములు తడిసి ముద్దయ్యాయి. కారింది చన్నీళ్ల వైపు. నట్టులో వాషరే లేదు.

మాస్టారు వంగి చూశారు. నావైపు చూడకుండానే, “మావోడు తొందరమనిషమ్మా. వాషర్ మర్సిపోనాడు” అన్నారు.

వీధిలోకి వచ్చాక అడిగాను. “అది మీరు బిగించిందే కదా మాస్టారూ?”

“నా మీద భరోసా పోతే ఇద్దరికీ పనుండదురా సూరీ. సమయం సూసి టీచరమ్మకి నేనే సెప్తాను.”

గురువు మాటను నమ్మాను. ఆ తర్వాత వైశాలి నగర్‌లో తెలుగువారెవరూ నన్ను ఒంటరిగా పనికి పిలవలేదు. చరోదా రైల్వే క్వార్టర్లకీ, కుమ్హారికీ సైకిల్ తొక్కుతూ నాలుగేళ్లు గడిపాను. పండగలకు ఆయన పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టించేవారు. ఆ మాట మాత్రం ఎత్తేవారు కారు. నేనూ మళ్లీ అడగలేదు. నేనుగా అడిగితే ఆయన చెప్పినదానికి విలువ ఉండదనుకున్నాను.

పెద్దకర్మ నాడు కరుణమ్మ టీచర్ నా పక్కనే కూర్చుని కళ్లు తుడుచుకున్నారు. “నీ పొరపాటుకి ఆయనే వచ్చి గోడలకి సున్నం వేసి వెళ్లారు నాయనా. అలాంటి మనిషి మళ్లీ దొరుకుతాడా?”

“దొరకరమ్మా” అన్నాను. దండ వేసిన ఫొటో ఎదుట, ఆయన భార్య వింటుండగా, ఇంకేమీ అనలేకపోయాను.

నా చేతులకు పని నేర్పిన ఆ మహనీయునికి శిరసు వంచి నమస్కరిస్తున్నాను. ఆ తప్పు నాది కాదని ఎరిగిన రెండో మనిషి ఇక ఈ లోకంలో లేరు.