ఎవరూ అడగని పాట

ఆ నాలుగంతస్తుల బట్టల కొట్టులో ఆమెను అందరూ మైకమ్మ అనేవారు. తప్పిపోయినవాళ్ళ పేర్లు, మరిచిపోయిన గొడుగుల రంగులు మైకులో చెప్పడం ఆమె పని. చెప్పడానికేమీ లేనప్పుడు పాటలు వెయ్యాలి. మూడో అంతస్తులో, మెట్ల కింద ఆమె గది. ఒక కుర్చీ, ఒక కంప్యూటరు, నెత్తిమీద ఒక స్పీకరు డబ్బా, ఎదురుగా అద్దం. ఆ అద్దంలోంచి చూస్తే కింద తిరిగే జనం నెత్తులే కనపడేవి. పద్దెనిమిదేళ్ళుగా ఆమె నెత్తులే చూస్తోంది.

పక్కగది దర్జీది. అక్కడ కొన్న బట్టల్ని అక్కడే పొట్టి చేసి, వదులు చేసి ఇచ్చేవాడు. ఇద్దరి మధ్యా ఉన్న చెక్కగోడ పైదాకా లేదు కనుక మాటలు అటూ ఇటూ దొర్లుతుండేవి.

కొట్టులో వేసే పాటలు నలభై. అందులో ముప్పై ఒకటి ఒకే గాయకుడివి. అందరూ తాగేదే, రుచి ఎవరికీ గుర్తుండదని దర్జీ ఆయనకి మంచినీళ్ళాయన అని పేరు పెట్టాడు. బస్సుల వెనక ఆయన బొమ్మే, పళ్ళపొడి డబ్బా మీద ఆయన నవ్వే. ఆయన్ని ఎరగని ఇల్లంటూ లేదు. అయినా, ఆయన పాటంటే నాకు ప్రాణం అన్న మనిషి ఇన్నేళ్ళలో ఒక్కరూ మైకమ్మకు తగల్లేదు.

"పోనీ ఆయనంటే గిట్టనివాడైనా తగిలాడా?" అని ఒకసారి దర్జీ సూది పళ్ళమధ్య పెట్టుకునే అడిగాడు.

"లేదన్నా."

"అదీ సంగతి. ఒంటికి పట్టేలా కుట్టిన చొక్కా ఒక్కడికే పనికొస్తుంది. ఈయన వదులు చొక్కా. ఎవడు తొడుక్కున్నా పడుతుంది. ఎవడూ అద్దంలో చూసుకోడు."

మైకమ్మ బల్ల మీద నల్లట్ట పుస్తకం ఒకటి ఉండేది. ఏ పాటైనా బాగాలేదని ఎవరైనా అంటే అందులో రాయాలి. కొట్టు అజమాయిషీ చేసే ఫ్లోర్ సారు చూసి ఆ పాట తీయించేస్తాడు. అంతవరకు న్యాయమే. ఆ పాట ఎవరిదండీ అని ముచ్చటపడి అడిగినా రాయాల్సిందే. దాన్నీ తీయించేస్తాడు.

"అడిగారంటే విన్నారన్నమాట. విన్నారంటే నిలబడిపోయారన్నమాట. ఇది బట్టల కొట్టమ్మా, కచేరీ కాదు" అనేవాడు సారు.

అలా ఏటేటా నచ్చని పాటలూ పోయాయి, నచ్చిన పాటలూ పోయాయి. మంచినీళ్ళాయన్ని ఎవరూ పట్టుకొచ్చి కూర్చోబెట్టలేదు. అందరూ లేచి వెళ్ళిపోతుంటే ఆయన ఉండిపోయాడు.

మైకమ్మ తమ్ముడు కూడా పాటగాడే. చిన్న చిన్న హాళ్ళలో పాడేవాడు. వచ్చేది యాభైమంది. ఆ యాభైమందికీ వాడి పాటలు మాట పొల్లుపోకుండా వచ్చు. ఒకాయనైతే ఊరు మారిపోయాక కూడా నాలుగు గంటలు బస్సులో కూర్చుని వచ్చేవాడు. తమ్ముడు ఊపిరితిత్తుల జబ్బుతో పోయినప్పుడు ఆ యాభైమందీ వచ్చి, గోడకానుకుని ఏడ్చి, ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు. వాడు సరిగ్గా రికార్డు చేయించుకున్నది ఒక్క పాట. అది మైకమ్మ ఫోనులో ఉంది, మరదలి ఫోనులో ఉంది. వింటే అన్నం సహించడంలేదని మరదలు దాని జోలికే పోవడం మానేసింది. తొమ్మిది నెలలు గడిచేసరికి మైకమ్మకు ఒక భయం పట్టుకుంది. మనిషి ఎలాగూ పోయాడు, ఇక ఆ గొంతు కూడా లోకంలో ఎక్కడా లేకుండా పోతుందని.

ఒక మంగళవారం మధ్యాహ్నం, ఎవరితోనూ చెప్పకుండా, ఆ పాటను నలభై ఒకటోదిగా చేర్చింది.

పాట మొదట్లో వాయిద్యాలేమీ ఉండవు. తమ్ముడు ఒంటరిగా రాగం తీస్తాడు. ఆ రాగం అందుకోగానే కింద నెత్తులు ఆగిపోయాయి. ఒకటీ, రెండూ, తర్వాత వరసగా. ఆగి, స్పీకర్ల వైపు తిరిగాయి. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి మైకమ్మకు అద్దంలోంచి మొహాలు కనపడ్డాయి. అన్నీ పైకి చూస్తున్న మొహాలు. సంతోషించాల్సింది పోయి ఆమె నల్లట్ట పుస్తకం వైపు చూసింది.

పాట అయిపోయిన రెండు నిమిషాలకు ఒకావిడ పరదాగుడ్డ చేతిలో అలాగే పట్టుకుని రొప్పుతూ మెట్లెక్కి వచ్చింది. నాన్న కనపడటం లేదు, ఆయనకు జ్ఞాపకం సరిగా ఉండదు, చెయ్యి పట్టుకునే ఉన్నాను, పాట వింటూ ఎప్పుడు వదిలేశానో తెలీదు అంది. నీలం చొక్కా, చేతికర్ర అని మైకమ్మ మైకులో మూడుసార్లు చెప్పింది. ముసలాయన వెనకవైపు సరుకులు దించే గేటు దగ్గర దొరికాడు. బూటు తాడు కట్టుకోవడానికి నేలమీద కూర్చున్నాడట. వెనక్కి వస్తున్న లారీ చక్రం ఆయన వీపుకి జానెడు దూరంలో ఆగిందట.

కూతురు ఆయన్ని పట్టుకుని మళ్ళీ పైకి వచ్చింది. తిట్టడానికే అనుకుంది మైకమ్మ.

"ఇందాకటి పాట ఎవరిదండీ?"

తొమ్మిది నెలలుగా ఎవరైనా ఆ మాట అడిగితే చాలని ఉంది మైకమ్మకు. చెయ్యి నల్లట్ట పుస్తకం మీద ఉంది.

"ఏమోనండీ, తెలీదు" అంది.

"ఇంకొక్కసారి వేస్తారా?"

"కుదరదండీ."

వాళ్ళు దిగి వెళ్ళాక చెక్కగోడ అవతలి నుంచి దర్జీ అన్నాడు. "సొంత తమ్ముణ్ణి తెలీదన్నావు."

"రాస్తే తీసేస్తారన్నా."

కాసేపు మిషను ఆడింది. ఆగింది.

"అయితే ఎవరూ అడక్కుండా చూసుకో. మొదట్లో రాగం తీస్తాడే, మెడలు తిరిగేది దానికే. అది కత్తిరించు."

కంప్యూటరులో పాట మొదలయ్యే చోటు చూపే గీతను కాస్త పక్కకు జరిపితే చాలు, రాగం పోయి పాట మాటల నుంచి మొదలైంది. అయినా ఆ వారం ఇద్దరు అడిగారు. ఇద్దరికీ తెలీదనే చెప్పింది. ఎక్కడ తలలు లేస్తున్నాయో అద్దంలోంచి కనిపెట్టింది. రెండో చరణంలో వాడి గొంతు జీరపోయే చోటు అది. అక్కడ శబ్దం తగ్గించింది. తర్వాత మొత్తంగా తగ్గించింది. జనం బాగా కిక్కిరిసే వేళకి మార్చింది. మూడు నెలలకు నెత్తులు నెత్తుల్లాగే ఉండిపోయాయి. హమ్మయ్య అనుకుంది ఆమె. అనుకున్నాక, ఎందుకలా అనుకున్నానా అని ఆ సాయంత్రమంతా తనను తానే అడిగింది.

ఏడాది తిరిగాక ఫ్లోర్ సారు వచ్చి మెచ్చుకున్నాడు.

"ఆ నలభై ఒకటోది బాగా పట్టావమ్మా."

"మీకు నచ్చిందా సార్?"

"నచ్చడానికేముంది. ఏ రోజూ ఒక్కరూ అడిగినట్టు పుస్తకంలో లేదు. మన కొట్లన్నిటికీ పంపమంటున్నారు."

పంపించారు. అక్కణ్ణించి లిఫ్టుల్లోకి పోయింది, పళ్ళ డాక్టర్ల వరండాల్లోకి పోయింది. బతికుండగా యాభైమందిని దాటని తమ్ముడు ఇప్పుడు రోజుకెన్ని వేల చెవుల్లో పడుతున్నాడో లెక్కలేదు. ఎవరికీ పట్టనూ లేదు.

ఒకరోజు సాయంత్రం మరదలు మెట్లెక్కి వచ్చింది. చేతిలో పాపకు కొన్న బడి బట్టలు.

"వదినా, ఇక్కడ ఆయన పాట వేస్తున్నారట కదా. ధైర్యం చేసుకుని విందామనే వచ్చాను. గంట నుంచి కిందే తచ్చాడుతున్నాను. ఎప్పుడొస్తుంది?"

మైకమ్మ కంప్యూటరు వైపు చూసింది.

"అయిపోయిందమ్మా. పది నిమిషాలైంది."

"అదేమిటి, నేను స్పీకరు కిందే నిలబడ్డాను. వినపడలేదే."

మైకమ్మ తల ఎత్తి తన నెత్తిమీది డబ్బాను చూసింది.

"నాకూ వినపడలేదు" అంది.

మరదలు, "మీ ఫోనులో పెట్టండి వదినా, మొత్తం పాట" అంది. మైకమ్మ పెట్టింది. రాగం మొదలైంది. చెక్కగోడ అవతల మిషను ఆగిపోయింది. మరదలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మొదటి చరణం అయింది. రెండో చరణంలో గొంతు జీరపోయే చోటు రాబోతుండగా మైకమ్మ బొటనవేలు దానంతటదే కదిలి శబ్దం తగ్గించేసింది.

"పెంచండి వదినా" అంది మరదలు.

మైకమ్మ లేచి అద్దంలోంచి కిందికి చూసింది. ఎవరూ తల ఎత్తడం లేదని రూఢి చేసుకున్నాకే పెంచింది.