లిస్టులో లేని ఆడబిడ్డ

అక్టోబరు మూడో వారంలో ఎదురింటి గేటుకి మొదటి పుర్రె వేలాడింది. పాలపాకెట్టు కోసం బయటికొచ్చిన చెల్లమ్మాళ్ దాన్ని చూసింది. పుర్రె పళ్లికిలించింది. "తెల్లారేసరికి శవం మొగము" అని ఆమె లోపలికి పోయి తలుపు దడాలున వేసింది.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఊరే ముందు మంచిగా నడుచుకుంటే తన నోటి సంగతి తర్వాత చూసుకోవచ్చని చెల్లమ్మాళ్ వాదన. ఆ వాదనతోనే అరవై ఆరేళ్లు నెట్టుకొచ్చింది.

కోయంబత్తూరులో, గాంధీపురం బస్టాండు నుంచి ఆటోలో ఇరవై నిమిషాలు పోతే ఆ వీధి వస్తుంది. ముప్పై రెండు ఇళ్లు. ఎన్ని తరాల కిందటో వచ్చి ఇక్కడే నిలిచిపోయిన తెలుగు వర్తకుల కుటుంబాలే ఎక్కువ. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, వాట్సాప్ గ్రూపులో ఇంగ్లీషు. పెంకుటిళ్లు పడగొట్టి మేడలు కట్టారు. మేడలు లేచాక వీధి మొదట్లో ఇనుప గేటు పెట్టారు. గేటు పెట్టాక అసోసియేషను పెట్టారు. అన్నిటికంటే చెడ్డది ఆ చివరిదేనని చెల్లమ్మాళ్ ఎవరు అడిగినా చెబుతుంది, అడగకపోయినా చెబుతుంది.

ఆమె కోపం ఊరికే పుట్టింది కాదు. వీధిలో కుక్కలకి కేకు కోసి పుట్టినరోజులు చేస్తారు, రోడ్డు ఊడ్చే మాయాండి మంచినీళ్లడిగితే ప్లాస్టిక్ గ్లాసు కోసం వెతుకుతారు. మార్గళి మాసంలో ముగ్గు వెయ్యమంటే స్టిక్కరు అంటిస్తారు. నీళ్ల ట్యాంకరు వచ్చిందని మెసేజీ పెడతారు, ట్యాంకరు వెళ్లిపోయాక. వీటన్నిటి మీదా మూడేళ్ల కిందట ఎవరి కోడలో సింగపూరు పోయొచ్చి ఈ దయ్యాల పండగ మొదలుపెట్టింది. అక్టోబరు చివరి రోజు సాయంత్రం పిల్లలు దయ్యాల వేషాలు కట్టి ఇల్లిల్లూ తిరుగుతారు, పెద్దవాళ్లు మిఠాయిలు వేస్తారు. అడుక్కోవడానికి ఇంత అలంకారం అవసరమా అని చెల్లమ్మాళ్ ప్రశ్న.

ఆమెకి అసలు మంట ఎక్కించింది మాత్రం గుమ్మడికాయ. ఆమె గేటుకి ఎప్పుడూ ఒక బూడిద గుమ్మడికాయ, దాని మీద కోరలూ మీసాలూ గీసిన రాక్షసుడి మొగము, దిష్టికి వేలాడేది. సెప్టెంబరులో అసోసియేషను సెక్రటరీ బాలసుబ్రమణియన్ వచ్చాడు. గాంధీపురంలో అతనికి పెద్ద బట్టల షోరూము.

"అక్కా, ఆ కాయ తీసేయండి. చిన్న పిల్లలు చూసి బయపడుతుండారు. లుక్కు కూడా బాగలేదు."

ఆమె తియ్యలేదు. ఆమె కొడుకు గోకుల్‌నాథ్ తిరుప్పూరు బనియన్ల కంపెనీలో మేనేజరు. గొడవంటే పడదు. ఒక ఆదివారం ఆమె నిద్రపోతుంటే వాడే కాయని దించేశాడు. నెల తిరిగేసరికి వీధిలో ప్రతి గేటుకీ కళ్లూ పళ్లూ కోసిన ఒక గుమ్మడికాయ రాక్షసుడు.

"నా కాయకి మొగము రాస్తే మూఢనమ్మకము, వాళ్ల కాయకి మొగము కోస్తే కల్చరా?" అని ఆమె వంటింట్లో గిన్నెలనడిగింది. గిన్నెలు జవాబు చెప్పేలోపలే వాటిని విసిరేసింది.

చెల్లమ్మాళ్ పుట్టింది ఉడుమలైపేట దగ్గర కొబ్బరితోటల్లో. ఇరవై రెండో ఏట దొరైసామిని కట్టుకుని ఈ వీధికొచ్చింది. మొగుడూ పెళ్లామూ కలిసి సందులో జాకెట్టు గుడ్డల కొట్టు ముప్పై ఏళ్లు నడిపారు. ఏ చీర తెచ్చి ముందు పెట్టినా దానికి సరిపోయే గుడ్డని చూడకుండానే చెయ్యి పెట్టి తీసేది. రంగు విషయంలో ఆమె కంటిని మోసం చెయ్యడం ఎవరి తరమూ కాలేదు. మనుషులనూ అలాగే తేల్చేసేది. ఎవరూ ఎవరికీ మ్యాచింగు కాదని ఆమె తీర్పు.

దొరైసామి ఆరేళ్ల కిందట పోయాడు. కొట్టు మూశారు. ఆమె చేతిలో మిగిలిన పని ఒకటే. అదీ అత్త తంగమ్మ అప్పజెప్పినది.

ఆ ఇంట్లో ఒక బుట్ట ఉంది. తాటాకుతో అల్లినది, మూత ఉన్నది. సామాన్ల గదిలో దూలానికి కొక్కెం వేసి తగిలించేవారు. మేడ కట్టాక దూలం పోయింది, కొక్కెం మాత్రం అటక స్లాబు కిందికి మారింది. అందులో ఉండేది చిన్నత్తాయి పావడ. చిన్నత్తాయి దొరైసామికి అక్క. పన్నెండో ఏట జ్వరం వచ్చి చచ్చిపోయింది. పెద్దమనిషి కాకుండా పోయిన ఆడపిల్ల ఆ ఇంటికే దేవత అవుతుందని వాళ్ల నమ్మకం. ఏటా ఆగస్టు మొదట్లో, ఆడి మాసం పద్దెనిమిదో రోజున కొత్త పావడ కుట్టించి, ఇంటి ఆడపిల్లల్లో ఒకతెకి దాన్ని కట్టి, పీట మీద కూర్చోబెట్టి అన్నం పెడతారు. ఆ పూట ఆ పిల్లే చిన్నత్తాయి. ఇంటి పెద్దావిడ "ఏమి కావాలి తల్లీ" అని మూడుసార్లు అడగాలి. పిల్ల ఏమి కోరితే అది ఇచ్చి తీరాలి. ఆ తర్వాత పావడని బుట్టలో పెట్టి, ఆ పిల్ల చేత్తోనే కొక్కేనికి తగిలించాలి. ఇంకెవరి చెయ్యీ పనికిరాదు.

చెల్లమ్మాళ్‌కి ఈ పని ఇష్టమని ఎవరూ అనుకోవద్దు. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. బతికున్న ఆడబిడ్డ ఎప్పుడో ఒకప్పుడు అత్తవారింటికి పోతుంది. ఈమె పోలేదు. మొహమైనా చూడని ఆ పన్నెండేళ్ల పిల్లకి నలభై నాలుగేళ్లుగా ఏడాదికొక పావడ కుట్టించి చాకిరీ చేసింది. "నాకేమో దీపావళికి నూలుచీర, దానికి పట్టుపావడ" అని దొరైసామితో పోట్లాడేది. పోట్లాడుతూనే ఒక్క ఏడు కూడా తప్పించలేదు. పోయేముందు తంగమ్మ ఆమె చెయ్యి పట్టుకుని బుట్ట తప్ప ఇంకేమీ అడగలేదు.

ఈ ఏడు తప్పింది. ఇన్నాళ్లూ పీటమీద కూర్చునే బంధువుల పిల్ల పెద్దమనిషి అయింది. మిగిలింది గోకుల్‌నాథ్ కూతురు, తొమ్మిదేళ్ల యాళిని. కోడలు హేమమాలిని ఒప్పుకోలేదు.

"చచ్చిన పిల్ల బట్ట నా బిడ్డకి వొద్దత్తా. నేను ఆ బుట్టని తాకను, దాన్నీ తాకనియ్యను. మీతోనే పోనీండి ఇది."

మీతోనే పోనీండి. ఆ మాట చెల్లమ్మాళ్ గుండెలో ముల్లులా గుచ్చుకుంది. కోడలంటే మామూలుగా ఉండే కోపం కాదది, భయం. తన తర్వాత బుట్ట ఏ చెత్తబండిలో పడుతుందోనని భయం. ఎవరూ కట్టని కొత్త పావడని మడిచి బుట్టలో పెట్టింది. తగిలించే చెయ్యి లేక బుట్ట ఆడి నుంచీ బియ్యం డబ్బా మీదే కూర్చుంది. రోజూ బియ్యానికి వెళ్లినప్పుడు అది కింద ఉండడం చూసి ఆమె కడుపు రగిలేది. ఆ రగిలేదంతా అక్టోబరులో అసోసియేషను మీద పోసింది.

పండగకి ముందు అసోసియేషను ఇంటింటికీ కాగితం పంపింది. పిల్లల పేర్లు రాసివ్వాలి, ఆ లిస్టులో ఉన్నవాళ్లకే మిఠాయిలు. చెల్లమ్మాళ్ ఆ కాగితాన్ని వడలు తీసి నూనె పీల్చడానికి వాడింది. సంగతి తెలిసి యాళిని ఏడ్చింది, హేమమాలిని రెండు రోజులు మాటలు మానేసింది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని గోకుల్‌నాథ్ గొణిగాడు. తనని కన్నది ఆ ఉలిపికట్టేనని వాడికి గుర్తులేనట్టుంది.

పండగ రోజు సాయంత్రం చెల్లమ్మాళ్ వరండాలో చీపురు పక్కన పెట్టుకుని కాపలా కూర్చుంది. దయ్యం గేటు దాటితే వీపు పగలగొట్టాలని నిర్ణయం. ఆరున్నర అయింది. మంత్రగత్తెలూ అస్థిపంజరాలూ టార్చిలైట్లు పట్టుకుని పోతున్నారు. ఒక పిల్లాడు తెల్ల దుప్పటి కాళ్లకి తగులుకుని పడ్డాడు. ఆమెకి ఆ రోజు కలిగిన సంతోషం అదొక్కటే.

అప్పుడు వీధి అవతలి వైపు, సెక్రటరీ ఇంటి ముందున్న పిల్లల వరసలో, మామిడి చిగురు రంగు కనిపించింది. ఎర్రలక్క రంగు అంచు. అంత దూరంలో, అంత మసక వెలుతురులో ఇంకెవరికైనా అది ఒట్టి పావడే. ఆ రంగుని ఏరి, ఆ అంచుకి జత చేసి, దర్జీ దగ్గర నిలబడి కుట్టించిన మనిషికి కాదు.

చెల్లమ్మాళ్ చెప్పులు కూడా వేసుకోకుండా వీధికడ్డంగా నడిచింది.

జరిగిందేమంటే, ఆన్‌లైన్లో ఆర్డరిచ్చిన వేషం రాలేదు. ఏదో ఒక పాతది కట్టుకో, పాతకాలం దయ్యమని చెప్పొచ్చు అంది హేమమాలిని. యాళిని సామాన్ల గదిలోకి పోయి చేతికందిన బుట్టలోంచి పావడ తెచ్చింది. హేమమాలినే కట్టింది, నాడా బిగించింది, మొహానికి పౌడరు కొట్టింది, లిస్టు ఎవరు చూస్తారులే అని పెరటి గేటులోంచి పంపింది. ఆ బుట్ట వైపు ఏనాడూ కన్నెత్తి చూడలేదు కనుక అందులో ఉండే బట్ట ఏ రంగుదో ఆమెకి తెలియదు.

వరసలో యాళిని వంతు వచ్చేసింది. తలకి ఎర్ర కొమ్ములు పెట్టుకున్న బాలసుబ్రమణియన్ ఫోనులో లిస్టు చూసి తల అడ్డంగా ఊపుతున్నాడు. పిల్ల పౌడరు మీద కన్నీళ్లు చారలు కట్టాయి. చెల్లమ్మాళ్ వచ్చి రెక్క పట్టుకుంది.

"ఏమి కావాలే నీకు? ఇంట్లో ఏమి తక్కువయిందని వీదిలో అడుక్కుంటుండావు? ఏమి కావాలి? నోరు తెరిచి చెప్పవే, ఏమి కావాలి?"

యాళిని వెక్కుతూ చుట్టూ చూసింది. అందరి చేతుల్లోనూ నారింజ రంగు ప్లాస్టిక్ బుట్టలున్నాయి.

"బుట్ట కావాలి అవ్వా. అందరికీ ఉండాది. నాకు మాత్రం ఇల్లె."

చెల్లమ్మాళ్ చెయ్యి వదిలేసింది. మూడుసార్లు అడిగింది తానే. పావడ పిల్ల ఒంటిమీద ఉంది. పిల్ల కోరింది. నలభై నాలుగేళ్లుగా ఎవరెవరి పిల్లలో పీటమీద కూర్చుని జిలేబీ అడిగారు, గాజులడిగారు, ఒకతె సైకిలడిగింది. బుట్టని అడిగినది ఒక్కతీ లేదు.

"ఇక్కడే నిలబడు. కదిలితే కాళ్లు విరుస్తాను" అని ఇంటికి పోయింది.

బుట్ట తీసుకుని వస్తుంటే హేమమాలిని గేటు దగ్గర ఎదురైంది. బుట్టని చూసింది, మూత తీసి ఉండడం చూసింది, ఖాళీగా ఉండడం చూసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో అత్తా, ఆ పావడ... అదేనా? నేను ఇప్పుడే పొయ్యి విప్పేస్తాను."

"విప్పేదానివి కట్టేటప్పుడు చూసుకోవాల. నాడా నువ్వే బిగించినావు. ఇంగ పక్కకి జరుగు."

సెక్రటరీ వరసలో తర్వాతి పిల్లాణ్ణి పిలుస్తున్నాడు. చెల్లమ్మాళ్ ఆ పిల్లాణ్ణి మోచేత్తో నెట్టి, యాళిని చేతిలో తాటాకు బుట్ట పెట్టి ముందు నిలబెట్టింది.

"వెయ్యి."

"అక్కా, కోవించుకోవద్దు. రూలు అందరికీ ఒగటే. లిస్టులో యాళిని పేరు లేదు."

"యాళిని ఎవరు? ఈమె చిన్నత్తాయి. మా ఇంటి ఆడబిడ్డ. చచ్చి అరవై ఏండ్లు అవుతుండాది. నీ లిస్టులో యాడ ఉంటుంది? ఈ వీదిలో నిజంగా చచ్చింది ఈమె ఒకతే. మిగిలిందంతా ఆన్‌లైను సరుకు."

బాలసుబ్రమణియన్ నవ్వబోయి బుట్టని చూశాడు. తర్వాత పావడ అంచుని చూశాడు. వాళ్ల పాత ఇంట్లోనూ ఇలాంటి బుట్ట ఒకటి ఉండేది. మేడ కట్టేటప్పుడు ఏమైందో అతను ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. కొమ్ములు తీసి పక్కన పెట్టాడు. చెప్పులు విడిచాడు. రెండు చేతులతోనూ మిఠాయిలు తీసి బుట్టలో పోశాడు, వంగి.

"ఇంగొంచెం" అంది చెల్లమ్మాళ్. పోశాడు.

ఆ తర్వాత ఆమె పిల్ల వెనకాలే మిగిలిన ముప్పై ఇళ్లూ తిరిగింది. ప్రతి గేటు దగ్గరా నిలబడి, "చూస్తావేమి, వెయ్యి. ఆడబిడ్డ బుట్ట, ఖాళీగా పంపకూడదు" అంది. స్టిక్కరు ముగ్గు వాళ్లని ఇంత వెయ్యమని దబాయించింది, కుక్కల వాళ్లని అంతకి రెండింతలు. ఒకటి రెండిళ్లలో ముసలివాళ్లు బుట్టని గుర్తుపట్టి మిఠాయి మీద ఒక తమలపాకు కూడా పెట్టారు. ఆ ఇళ్లమీద ఆమెకున్న కోపం ఒక్క పూటకి తగ్గింది. మిగిలిన ఇళ్లమీద ఉన్నది ఉన్నట్టే ఉంది.

ఇంటికొచ్చాక మిఠాయిలు పళ్లెంలో కుమ్మరించారు. యాళిని పావడ విప్పి మడిచి బుట్టలో పెట్టింది. ఒక చాక్లెట్టు కూడా పెట్టింది, చెల్లమ్మాళ్ చూసీ చూడనట్టు ఊరుకుంది. కొక్కెం ఎత్తులో ఉంది. పిల్ల బియ్యం డబ్బా ఎక్కింది, డబ్బా ఊగింది. గది గుమ్మంలో నిలబడి చూస్తున్న హేమమాలిని లోపలికొచ్చి వంగి, డబ్బాని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. బుట్ట కొక్కేనికి పడింది.

యాళిని దిగి మిఠాయిల వైపు పరుగెత్తింది. అత్తా కోడళ్లు మిగిలారు. చెల్లమ్మాళ్ పైన వేలాడే బుట్టని చూసి, "మొత్తానికి నీ మాటే నెగ్గించుకున్నావు కదే, నన్ను వీదంతా తిప్పి" అని చిన్నత్తాయిని అంది.

హేమమాలిని ఇంకా డబ్బా వదల్లేదు. తల ఎత్తకుండానే అడిగింది.

"వచ్చే ఆడికి ఏ రంగు తీద్దామత్తా?"

"నన్నెందుకు అడుగుతావు?" అని కసిరింది చెల్లమ్మాళ్. "కట్టుకునేదాన్ని అడుగు."